విశ్వవిద్యాలయోద్యోగములలో సర్వజన ప్రాతినిధ్యము: లెక్కకు మూలమేది?

విశ్వవిద్యాలయ మను సమాసమున విశ్వమంతయు ఇమిడియున్నది. ఆ పేరును బట్టి చూచినచో, అందు పాఠము చెప్పువారును, లెక్కలు వ్రాయువారును, గదులు ఊడ్చువారును దేశమందలి అన్ని వర్గముల నుండియు వచ్చి కూడినవారై యుండవలెను. పేరు సంగతి యెట్లున్నను, ఉద్యోగుల పట్టిక తెరచి చూచినవారికి కనబడునది వేరు. ఊడ్చువారి వరుసలో కొన్ని వర్గములు, ఆచార్యుల వరుసలో మఱికొన్ని వర్గములు నిండియుండుట అనేక విద్యాపీఠములలో తరతరములుగా సాగుచున్న యాచారము. దీనిని సవరించుటకు ప్రభుత్వములు చేసిన యత్నములు స్వల్పములు గావు. చట్టములు వచ్చినవి, సంఘములు ఏర్పడినవి, ప్రత్యేకాధికారులు నియమింపబడిరి. ఫలితము ఆశించినంత లేకపోవుటకు సంకల్పలోపమే కారణమని కొందరును, అర్హుల కొరతయే కారణమని కొందరును చెప్పుచుందురు. ఈ రెండు వాదములకును ముందుగా విచారింపవలసిన ప్రశ్న యొకటి కలదు. అది మిక్కిలి చిన్నది. గుమాస్తా బల్లమీదనే తేలిపోవునట్టిది. ఉద్యోగములను లెక్కించునప్పుడు దేనిని ఒక్కటిగా పట్టి లెక్కించుచున్నారు?

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములందును, యానాము నందును చిరకాలముగా స్థిరపడిన తెలుగువారికి ఈ ప్రశ్న పరాయిది గాదు. రాష్ట్రమునకొక గీత, శాఖకొక గీత, ఉద్యోగపు తరగతికొక గీత గీయబడియున్నవి. వారు తరచుగా ఆ గీతల యంచుననే నిలిచియుందురు. గీత ఎచ్చట పడినదో దానిని బట్టి ఒకే మనిషి ఒక లెక్కలో చేరును, మఱియొక లెక్కలో చేరడు.

లెక్క క్రొత్తది గాదు. ఈ సంచిక పాఠకుల పూర్వులు నివసించిన ప్రాంతములలోనే అది తొలుత ఆరంభమైన దనుట గమనింపదగినది. కొల్హాపురపు శాహూ మహారాజు 1902లో తన సంస్థానపు ఉద్యోగములలో నూటికి 50 వెనుకబడిన వర్గములకు ప్రత్యేకించుచు ఆజ్ఞ వెలువరించెను. మైసూరులో 1918లో సర్ లెస్లీ మిల్లరు అధ్యక్షతను ఒక సంఘ మేర్పడినది. ఏడేండ్ల లోపల పై ఉద్యోగములలో సగమునకును, క్రింది ఉద్యోగములలో మూడింట రెండు వంతులకును తక్కువ గాకుండ బ్రాహ్మణేతరులకు చెందవలెనని ఆ సంఘము సూచించినది. ఈ విధానముతో ఏకీభవింపక ఆనాడు దివాను పదవిని విడిచిన విశ్వేశ్వరయ్యగారి యింటిపేరు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండమను తెలుగు గ్రామము నుండి వచ్చినది. ఆయన యభ్యంతరము ద్వేషము వలన పుట్టినది గాదు. ప్రతిభ యొక్కటియే కొలమానముగా నుండవలెనను నిష్ఠ వలన పుట్టినది. ఆ కొలమానమును చేతబట్టి కొలుచువారెవరను ప్రశ్నకు ఆ నిష్ఠలో సమాధానము లేదు. నూఱేండ్లు గడచినను ఆ ప్రశ్న నియామక సంఘముల గదిలోనే కూర్చుండియున్నది.

మదరాసు రాజధానిలో 1921లో మొదలై, 1927లో ముత్తయ్య మొదలియారు మంత్రిగా నుండగా స్థిరపడిన కమ్యూనల్ జీ.ఓ. లెక్కను మఱింత విస్పష్టముగా చేసినది. ప్రభుత్వోద్యోగములను పండ్రెండేసిగా పంచిరి. 5 బ్రాహ్మణేతర హిందువులకు, 2 బ్రాహ్మణులకు, 2 మహమ్మదీయులకు, 2 ఆంగ్లో ఇండియనులకును క్రైస్తవులకును, 1 అణగద్రొక్కబడిన వర్గములకు. ఈ పంపకములో బ్రాహ్మణేతర హిందువులందఱును ఒక్క గంపలో వేయబడిరి. భూస్వామియు, చేనేతవాడును, మంగలియు ఒకే యైదింటిలో పోటీపడవలసివచ్చినది. పోటీలో ఎవరు గెలిచిరో చెప్పుటకు పరిశోధన అక్కరలేదు. ఇరువదేండ్ల తరువాత, 1947లో, పండ్రెండు పదునాలుగైనది. అప్పుడు గాని వెనుకబడిన హిందువులని వేరొక గడి గీచి 2 ఉద్యోగములు చూపలేదు. అణగద్రొక్కబడిన వర్గముల 1 కూడ అప్పుడే 2 అయ్యెను. గంపలోని సరకు మారకున్నను, గంపను విభజించిన మాత్రమున ఫలితము మారుట ఇచ్చట తొలిసారి స్పష్టముగా కనబడినది. ఈ పద్ధతిని 1951 ఏప్రిలు 9న సుప్రీంకోర్టు కళాశాలా ప్రవేశముల విషయమునను, మున్సబు ఉద్యోగముల విషయమునను ఒకే దినమున కొట్టివేసెను. ఆ యేడు జూనులోనే రాజ్యాంగమునకు మొదటి సవరణము వచ్చినది. ఆ తరువాతి కథ లోకవిదితము.

ఇంతలో అమెరికా నుండి "వైవిధ్యము" అను మాట దిగుమతి యైనది. 1978లో బాకీ వ్యాజ్యెమున న్యాయమూర్తి పావెల్ వ్రాసిన యభిప్రాయము దానికి పుట్టినిల్లు. భిన్న వర్గముల విద్యార్థులు కలిసి చదివినచో విద్య మేలుపడునని, అందుకై విద్యాపీఠము అభ్యర్థి జాతిని కూడ ఒక యంశముగా చూడవచ్చునని ఆ వాదము. ఇందు లాభము సంస్థది. లోనికి వచ్చినవాడు సంస్థకు శోభ. రానివానికి సంస్థ ఋణపడియుండలేదు. 2023 జూనులో ఆ దేశపు సుప్రీంకోర్టు హార్వర్డు వ్యాజ్యెమున ఆ పద్ధతిని త్రోసిపుచ్చినప్పుడు, శోభ పోయినది, దానితోపాటు చేతిలో మిగిలిన హక్కు ఏదియు లేకపోయినది. భారత రాజ్యాంగపు 16వ అధికరణములోని నాలుగవ ఖండము చెప్పునది వేఱు. ప్రభుత్వోద్యోగములలో తగినంత ప్రాతినిధ్యము లేని వెనుకబడిన వర్గమును గూర్చి అది మాటాడును. తగినంత యనగనే ఎంత యను ప్రశ్న పుట్టును. ఎంత యనగనే లెక్క చూపవలసివచ్చును. ఈ దేశపు విశ్వవిద్యాలయములు ఇటీవల తమ ప్రకటనలలో వైవిధ్యమును, సమ్మిళితత్వమును కొనియాడుట వినుటకు ఇంపుగా నున్నను, చేతనున్న గట్టి మాటను విడిచి మెత్తని మాటను పట్టుకొనుట యగును. వైవిధ్యమునకు ఛాయాచిత్రము చాలును. ప్రాతినిధ్యమునకు పట్టిక కావలెను.

ఇక ఆ పట్టికను చూడవలెను. దానినే రోస్టరందురు. కేంద్ర ప్రభుత్వపు నియామకములలో వెనుకబడిన తరగతులకు నూటికి 27, షెడ్యూల్డు కులములకు 15, షెడ్యూల్డు తెగలకు 7.5, 2019 నుండి ఆర్థికముగా బలహీనులైన వర్గములకు 10 చొప్పున వాటాలు కలవు. నూటిని 27చే భాగించిన 3.7 వచ్చును, కావున నాలుగవ ఉద్యోగము వెనుకబడిన తరగతులది. నూటిని 15చే భాగించిన 6.67, కావున ఏడవది షెడ్యూల్డు కులములది. పదవది ఆర్థికముగా బలహీనులది. 7.5చే భాగించిన 13.3, కావున పదునాలుగవది షెడ్యూల్డు తెగలది. అభ్యర్థి ముఖము చూడకుండ, అధికారి దయాదాక్షిణ్యములపై ఆధారపడకుండ వంతు వచ్చునట్లు చేసిన యీ యేర్పాటు న్యాయమైనదే. కాని వంతు రావలెనన్నచో వరుస పొడుగుగా నుండవలెను.

వరుస ఎంత పొడుగు? విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము, అనగా యు.జి.సి., 2006లో జారీచేసిన మార్గదర్శకములలో విశ్వవిద్యాలయమంతయు ఒకే యేకాంశమని చెప్పినది. సహాయాచార్యు లందఱును ఒక వరుస, సహాచార్యులు ఒక వరుస, ఆచార్యులు ఒక వరుస. ఒక విశ్వవిద్యాలయమున సహాయాచార్య పదవులు 200 ఉన్నవనుకొన్నచో, నేటి వాటాల ప్రకారము వెనుకబడిన తరగతులకు 54, షెడ్యూల్డు కులములకు 30, షెడ్యూల్డు తెగలకు 15, ఆర్థికముగా బలహీనులకు 20 చెందును, 81 అందఱికి. 2017 ఏప్రిలులో అలహాబాదు హైకోర్టు, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు నియామక ప్రకటనపై వచ్చిన వ్యాజ్యెమున, ఏకాంశము విశ్వవిద్యాలయము గాదు, శాఖయని తీర్పు చెప్పినది. దానిననుసరించి 2018 మార్చి 5న యు.జి.సి. తన మార్గదర్శకమును మార్చినది. ఆ 200 పదవులే మూడేసి చొప్పున శాఖలలో నుండినచో, ప్రతి శాఖయు తన వరుసను మూడుతో ముగించును. నాలుగవ స్థానము ఎచ్చటను రాదు. మొదటి నియామకములలో ప్రత్యేకింపబడిన పదవి ఒక్కటియు నుండదు. చట్టము మాఱలేదు, వాటా మాఱలేదు, పదవులును తగ్గలేదు.

వంతు తరువాతి నియామకములకు సాగును గదా యని కొందఱు సమాధానము చెప్పిరి. సాగును. రెండే పదవులుగల శాఖను తీసికొనవలెను. ఒక్కొక్క యుపాధ్యాయుడు 30 ఏండ్లు పనిచేయునని అనుకొన్నచో, షెడ్యూల్డు కులముల వంతైన యేడవ నియామకము 90 ఏండ్లకును, షెడ్యూల్డు తెగల వంతైన పదునాలుగవ నియామకము 180 ఏండ్లకును వచ్చును. ఇక ఒక్కటే పదవిగల తరగతి విషయమున 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, వంతుల వారీగానైనను ఏక పదవికి రిజర్వేషను చెల్లదని చెప్పియున్నది. అనేక శాఖలలో ఆచార్య పదవి ఒక్కటియే యుండును.

ఈ లెక్క తెలుగువారిని నేరుగా తాకుచోటొకటి కలదు. రాష్ట్రము వెలుపలి విశ్వవిద్యాలయములలో తెలుగు శాఖలు చిన్నవి. వ్యాజ్యెమునకు మూలమైన కాశీ విశ్వవిద్యాలయముననే తెలుగు శాఖ యొకటి కలదు. మదరాసు, బెంగుళూరు, మదురై విశ్వవిద్యాలయములలోను తెలుగు శాఖ లేర్పడినవి. ఇవి రాష్ట్ర విద్యాపీఠములు గావున ఆయా రాష్ట్రముల రోస్టరులకు లోబడినవి, కాని చిన్న శాఖ చిక్కు ఎచ్చటనైనను చిన్న శాఖ చిక్కే. భౌతికశాస్త్రము వలెనో, వాణిజ్యశాస్త్రము వలెనో పదుల కొలది పదవులు వానికి ఎన్నడును లేవు. శాఖయే యేకాంశమైనచో, ప్రవాసాంధ్ర కుటుంబమున పుట్టి తెలుగులో పరిశోధన చేసిన షెడ్యూల్డు కులపు యువతి తన భాషా శాఖలో తన వంతు చూచుటకు మనుమరాలి కాలము వరకు వేచియుండవలెను. విశాల శాఖలలోని వారికి ఈ బాధ తక్కువ. అల్పసంఖ్యాక భాషయు, అణగిన కులమును ఒకే మనిషియందు కలిసినప్పుడు లెక్క ఎంత క్రూరమగునో ఇచ్చట తెలియుచున్నది.

అలహాబాదు తీర్పు వెనుక నున్న యాక్షేపణ నిరాధారము గాదనుట న్యాయము. విశ్వవిద్యాలయమంతయు ఒకే వరుస యైనచో, కొన్ని శాఖలలో పదవులన్నియు ప్రత్యేకింపబడినవిగాను, కొన్నింట ఒక్కటియు లేనివిగాను తేలవచ్చునని న్యాయమూర్తులు సందేహించిరి. 2019 జనవరి 22న సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యము చేసికొన నిరాకరించిన పిదప, దేశమంతట లేచిన యాందోళనకు తలయొగ్గి కేంద్ర ప్రభుత్వము మార్చి 7న ఆర్డినెన్సును, తరువాత పార్లమెంటు అదే యేడు చట్టమును చేసినవి. కేంద్ర విద్యాసంస్థ మొత్తము ఒకే యేకాంశమని ఆ చట్టపు మూడవ సెక్షను చెప్పును. ఇది మేలైన చట్టము. కాని వరుసను పొడిగించినదే గాని, ఏ శాఖలోని ఏ పదవి ఏ వంతున పడవలెనను సందేహమును అది తీర్చలేదు. తెలివిగల పాలకుడు ప్రత్యేకింపబడిన పదవులను తనకు ముఖ్యములు గాని శాఖలకు నెట్టి, తాను మెచ్చిన శాఖలను యథాతథముగా నుంచుకొనుటకు సందు మిగిలియున్నది. ఏకాంశము విశ్వవిద్యాలయమైనను, శాఖల వారీ పట్టికను బహిరంగముగా ప్రకటించినచో ఈ సందు మూసికొనును. మినహాయింపుల సంగతియు గలదు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ, బెంగుళూరు సమీపమున జక్కూరు నందలి జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధనా కేంద్రము మొదలగునవి ఈ చట్టమునకు వెలుపల నుంచబడినవి. ప్రతిష్ఠ పెరిగినకొలది ప్రాతినిధ్యము అనవసరమను భావము ఆ షెడ్యూలులో మౌనముగా పలుకుచున్నది.

వరుసలో వంతు వచ్చుట ఒకటి, గది దాటి రాగలుగుట మఱియొకటి. యు.జి.సి. 2018 నియమముల ప్రకారము సహాయాచార్య పదవికి అభ్యర్థి చదువును, పరిశోధనను మార్కులుగా లెక్కించుట సంభాషణకు పిలుచువరకే. పిలిచిన తరువాత ఎన్నిక కేవలము ఆ సంభాషణలోని నడవడిపైననే ఆధారపడును. ఇరువదేండ్ల చదువు గడప దాక తోడువచ్చి అచ్చటనే నిలిచిపోవును. లోపల కొన్ని నిముషముల మాట. ఆ మాటలో ఉచ్చారణము, వేషము, ఎవరి శిష్యుడను విచారణ, ఏ యూరను విచారణ ఇవన్నియు చెప్పకయే చోటుచేసికొనును. కోరాపుటు తాలూకాలలో ఒడియా బడిలో చదివి యింట తెలుగు మాటాడిన బాలుని యాంగ్లమున ఆ రెండు భాషల యాసయు నుండును. అది అజ్ఞానమునకు గుఱుతని ఏ గ్రంథమును చెప్పలేదు. ఐనను గదిలో అట్లు వినబడుట కలదు. సంఘము చివర వ్రాయు మాట "యోగ్యులు లభింపలేదు" అని. ఆ మూడు నాలుగు మాటలతో పదవి ఖాళీగా మిగులును, రోస్టరు మాత్రము నిష్కళంకముగా నుండును. దీనికి విరుగుడుగా ఆ నియమములే ఒక యేర్పాటు చేసినవి: షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులు, స్త్రీలు, దివ్యాంగులలో ఎవరైనను అభ్యర్థిగా నుండి, సంఘ సభ్యులలో ఆ వర్గమువారు లేకున్నచో, ఒక విద్వాంసుని ఉపకులపతి నామనిర్దేశము చేయవలెను. ఆరు వర్గములకును ఒక్కరు. ఆ యొక్కరిని ఎంచువాడు ఉపకులపతి. ఆతడు మౌనముగా సంతకముచేసి లేచిపోయినను నియమము నెఱవేఱినట్లే. ఎన్నిసార్లు యోగ్యులు లభింపలేదో, ఏ శాఖలో, ఏ కారణమున అను వివరమును వార్షిక నివేదికలో చేర్చవలెనన్నచో, ఈ మాట వ్రాయు కలము కొంత తడబడును.

ప్రవేశించిన తరువాతి జీవితమును గూర్చిన శ్రద్ధ ఇంకను తక్కువ. 2012లో యు.జి.సి. చేసిన సమత్వ నియమములు సమానావకాశ కేంద్రమును, వివక్ష నివారణాధికారిని ఏర్పరుపుమని చెప్పినవి. అవి ప్రధానముగా విద్యార్థుల రక్షణకై పుట్టినవి. క్రొత్తగా చేరిన యుపాధ్యాయునికి ప్రయోగశాల తాళపుచెవి ఇయ్యకపోవుట, పరిశోధక విద్యార్థులను కేటాయింపకపోవుట, సంఘములలో పేరు చేర్చకపోవుట వంటివి ఆ నియమముల దృష్టికి రాలేదు. ఉపాధ్యాయులను, ఇతరోద్యోగులను కూడ చేర్చుకొని 2026 జనవరిలో ప్రకటింపబడిన నూతన నియమములను ఆ నెలలోనే సుప్రీంకోర్టు నిలుపుదల చేసినది. స్త్రీల విషయమున 2013 నాటి చట్టమును, దివ్యాంగుల విషయమున నూటికి 4 వాటా నిచ్చిన 2016 నాటి చట్టమును ఉన్నవి. వానిని వేఱుగా విచారింపవలెను.

రాష్ట్రపు గీత వేఱొక కథ. షెడ్యూల్డు కులముల, తెగల జాబితాలు రాష్ట్రముల వారీగా చేయబడినవి. ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు తెగగా నుండిన కుటుంబమొకటి తండ్రి యుద్యోగరీత్యా బొంబాయి చేరినది. కుమారుడు అచ్చట వైద్యవిద్యకు అభ్యర్థించినప్పుడు ఆ తెగ హోదా మహారాష్ట్రమున చెల్లదనిరి. 1990లో సుప్రీంకోర్టు కూడ అట్లే చెప్పినది. తండ్రి ఉద్యోగము పొందినది తెగ కోటాలోనే. కుమారుడు అదే నగరమున తెగవాడు గాడు. ఒక రాష్ట్రపు వెనుకబాటు మఱియొక రాష్ట్రమున అట్లే యుండవలెనని లేదనుట న్యాయస్థానపు తర్కము. తర్కము సమంజసమే కావచ్చును, కాని మనుష్యుడు రైలు దిగినంతమాత్రమున అతని చరిత్ర ప్లాట్‌ఫారము మీదనే దిగిపోదు. 2018లో రాజ్యాంగ ధర్మాసన మొకటి ఈ సూత్రమునే నిలిపినది.

చిరనివాసుల స్థితి దీనికి భిన్నము. రాష్ట్రపతి యుత్తరువు వెలువడిన 1950 నాటికి కుటుంబము ఎచ్చట స్థిరముగా నుండెనో దానినిబట్టి హోదా నిర్ణయమగును. కావున మదురైలోనో, హోసూరులోనో, షోలాపురములోనో తాత ముత్తాతల నాటినుండి యున్నవారు అచ్చటివారే. చిక్కంతయు ఋజువులోనున్నది. పాఠశాల రికార్డు, భూమి పత్రము, మునిసిపాలిటీ పన్ను రసీదు, వీనిలో ఏదియు లేని పేద కుటుంబములే ఎక్కువ. 1950లో మదరాసు రాష్ట్రమున నుండిన బళ్ళారి 1953 అక్టోబరు 1న మైసూరులో చేరినది. మనుష్యులు కదలలేదు, గీత కదలినది. లంబాడీల విషయము మఱింత విచిత్రము. వారు తెలంగాణమునను, ఆంధ్రప్రదేశమునను షెడ్యూల్డు తెగ. కర్ణాటకమున షెడ్యూల్డు కులము. మహారాష్ట్రమున విముక్త జాతి, కేంద్రపు జాబితాలో వెనుకబడిన తరగతి. 2009లో కలబురగిలో స్థాపింపబడిన కేంద్రీయ విశ్వవిద్యాలయము ఒక పదవిని ప్రకటించినచో, మూడు రాష్ట్రముల తాండాల నుండి బంధువులైన మువ్వురు వచ్చి మూడు వేఱు గడులలో సంతకము చేయుదురు. తమ హోదా ధ్రువపత్రముతో అఖిలభారత పోటీకి నిలుచుటకు కేంద్రీయ విశ్వవిద్యాలయము వీలిచ్చును గనుక, వలసవచ్చిన కుటుంబములకు రాష్ట్ర విద్యాపీఠముకంటె అదే దిక్కు. తిరువారూరు, కోరాపుటు, కలబురగి, వర్ధా పట్టణములలోని కేంద్రీయ విద్యాపీఠములును, 1985 నాటి పుదుచ్చేరి విశ్వవిద్యాలయమును ఈ దృష్టితో ప్రవాసాంధ్రులకు ముఖ్యములు. వాని నియామక ప్రకటనలు తెలుగు సంఘముల సూచనాఫలకములపై కనబడుట అరుదు.

భాషకు రోస్టరులో గడి లేదు. 1956లో రాజ్యాంగమున చేరిన 350-బి అధికరణము భాషాల్పసంఖ్యాకుల కొక ప్రత్యేకాధికారిని ఇచ్చినది. ఆయన నివేదిక వ్రాయును, నియామకము చేయడు. తెలుగు శాఖలో ఆచార్యుడు విరమించినప్పుడు ఆ పదవిని ప్రకటింపక, గంటల లెక్కన జీతమిచ్చి అతిథి యుపాధ్యాయునితో నడిపినచో, అటు భాషయు ఇటు రోస్టరును ఒకేసారి మోసపోవును. ప్రకటింపని పదవికి వంతు లేదు.

చివరి గీత ఉద్యోగపు తరగతిది. బహుశః అన్నింటికంటె లోతుగా గీయబడినది. తమిళనాడున అరుంధతీయులని పిలువబడు సముదాయమున తెలుగు మాటాడువారు అనేకులు. 2009లో ఆ రాష్ట్రము షెడ్యూల్డు కులముల 18లో 3 శాతమును వారికి ప్రత్యేకించుచు చట్టము చేసినది. అందు చేర్చిన యేడు కులములలో మాదిగ, ఆది ఆంధ్ర అను పేర్లు కలవు. భాషయు చరిత్రయు ఆ పేర్లలోనే వ్రాయబడియున్నవి. ఇట్టి విభజనము రాజ్యాంగ సమ్మతమని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనము నిర్ణయించినది. తెలంగాణమును 2025లో ఆ త్రోవనే పట్టినది. 1927 నాటి గంపను 1947లో విభజించినట్లే, ఈ విభజనమును అట్టడుగువారిని కంటికి కనబడునట్లు చేయును. తమిళనాడు రాష్ట్ర విశ్వవిద్యాలయపు వరుసలో 200 పదవులున్నచో వారికి 6.

అదే విశ్వవిద్యాలయపు వసారాలను తెల్లవాఱకముందే ఊడ్చువారిలో ఆ సముదాయపు స్త్రీలు ఎందఱో యుందురు. బెంగుళూరు నగరపు పారిశుద్ధ్య కార్మికులలోను తెలుగు మాటాడు మాదిగ కుటుంబములు పెక్కు. ఒకప్పుడు ఈ పని విద్యాసంస్థలలో స్థిరోద్యోగము; నెల జీతము, సెలవు, పింఛను కలవు, అటెండరుగా ఎదుగు అవకాశము కలదు. ఇప్పుడు అనేక సంస్థలలో అది గుత్తేదారునకు అప్పగింపబడినది. కేంద్ర ప్రభుత్వపు సూచనల ప్రకారము 45 దినములకు మించిన తాత్కాలిక నియామకములకు సైతము రిజర్వేషను వర్తించును. కాని గుత్తేదారు మనిషి విశ్వవిద్యాలయము నియమించినవాడే గాడు. కనుక సమానావకాశ కేంద్రపు నివేదికలో ఆమె లేదు, రోస్టరులో ఆమె లేదు, ఉద్యోగుల సంఖ్యలో సైతము ఆమె లేదు. ఆమె కుమార్తె ఆ విద్యాపీఠముననే తెలుగు ఎం.ఏ. చదివి, అర్హతా పరీక్ష నెగ్గి, సహాయాచార్య పదవికి దరఖాస్తు పెట్టినచో, ఆ శాఖలో పదవులు రెండే యున్నవా, మూడే యున్నవా యని మొదట విచారింపవలసియుండును.